చూరుకు జాలీ కొట్టించాం: పనితనం, ఖర్చు, లోపాలు

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నా. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద రాశాను, అది వానలు పడ్డాక బయటపడ్డ సంగతి. పని ఏమిటంటే ఇంటి కప్పుకూ గోడకూ మధ్య ఉండే సందులన్నీ వెతికి, ఎలుకలు, పాములు, ఉడుతలు పైనుంచి లోపలికి దిగకుండా ఇనుప జాలీతో, సిమెంటు మాలుతో మూయడం. చేసింది బోర్డు పెట్టుకున్న కంపెనీ కాదు. ఒక సుతారి మేస్త్రి, అంటే తాపీ పని చేసే ఆయన, ఆయన వెంట వెల్డింగ్ తెలిసిన ఒక పిల్లగాడు, ఒక కూలి మనిషి, అంతే. ఆయన పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు, దయచేసి అడగొద్దు. ఏం చేయించుకోవాలో మనకు తెలిస్తే మీ వాడకట్టులో ఉన్న మంచి సుతారి ఎవరైనా ఈ పని చేస్తాడు, తెలియకపోతే ఎంత పెద్దోళ్ళను పిలిచినా డబ్బులు దండగే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

మాది వరంగల్ కాశిబుగ్గ, ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. మిర్చి సీజన్లో ఆ ఘాటుకు మేం దగ్గుకుంటూ తిరుగుతాం గానీ మక్కలు, వడ్లు, పల్లీలు దిగే చోట ఎలుకలకు తిండికి కరువేముంది. ఇల్లు మూడు ముక్కలు. ముందు భాగం తాత కట్టించిన పెంకుటిల్లు, టేకు దూలాలు, బెంగుళూరు పెంకులు. దాని వెనక నాన్న పోయించిన స్లాబు గదులు. పక్కన బండ్లకూ పాత సామానుకూ సిమెంటు రేకుల షెడ్డు. మూడు రకాల కప్పులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఒకచోట మూస్తే ఇంకోచోట నుంచి వస్తాయి. మీది ఏ రకం ఇల్లయినా ఇందులో పనికొచ్చే ముక్క ఏదో ఒకటి దొరుకుతుంది.

రాత్రి అందరూ పడుకున్నాక అటక మీద పరుగులు మొదలయ్యేవి. బియ్యం సంచి కొరకడం, సబ్బు బిళ్ళ మాయమవడం మామూలే, వాటికి మా ఇంట్లో ఎవరూ టెన్షన్ పడలేదు. ఇన్వర్టర్ వైరు కొరికి రాగి బయటికి తేలినప్పుడు మాత్రం భయం వేసింది, ఎందుకంటే ఆ వైరు వెళ్ళేది టేకు వాసాన్ని ఆనుకునే. ఎలుక ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోక తప్పదు, అందుకే తినడానికి పనికిరాని వైరును కూడా వదలదు. ఆ తర్వాత ఒక సాయంత్రం చూరులోంచి జెర్రిపోతు సగం కిందికి వేలాడుతూ కనిపించింది. దానికి విషం ఉండదు, ఎలుకల కోసం వచ్చింది, మనల్ని ఏమీ చేయదు అని అమ్మకు చెప్పాను. "విషం లేకుంటే లేకపాయె, మంచం మీద వడితే ఊకుంటనా" అంది. న్యాయమే కదా.

ఈ మేస్త్రి కంటే ముందు ఒక పెస్ట్ కంట్రోల్ సంస్థతో ఏడాది కాంట్రాక్టు ఉండేది. మనుషులు మంచోళ్ళే. యూనిఫాం వేసుకుని టైముకు వచ్చేవాళ్ళు, గోడల వెంట నల్ల డబ్బాలు పెట్టి అందులో మందు బిళ్ళలు వేసి, కాగితం మీద సంతకం తీసుకుని పోయేవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు నిచ్చెన ఎక్కి చూరు చూడలేదు. వచ్చే దారి మూయకుండా వచ్చిన ఎలుకకల్లా మందు పెట్టుకుంటూ పోవడం నల్లా కట్టేయకుండా నేల తుడవడం లాంటిదే. పైగా ఆ బిళ్ళల్లో ఎక్కువగా వాడేది బ్రోమాడియోలోన్, రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు, కొన్ని రోజులు తిరిగి తిరిగి ఏదో మూలన చస్తుంది. దాహమేసి బయటికి పోయి చస్తుందని చెప్తారు, నమ్మకండి. మా ఇంట్లో అటక మీద పాత ఇత్తడి గంగాళాల వెనక చచ్చింది, ఆ వాసన పోయేదాకా ముందు గదిలో ఎవరూ కూర్చోలేదు. అలాంటి ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకూ కూడా ముప్పే. ఇక కిరాణా కొట్టులో ట్యూబుల్లో అమ్మిన ఎలుకల పేస్టు ఉంది చూశారూ, కొన్నింట్లో ఉండేది పసుపు భాస్వరం, అది మనిషి లివర్‌ను దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లోకి దాన్ని రానివ్వకండి, పిల్లలు లేని ఇంట్లోకీ రానివ్వకండి.

మా తమ్ముడు ఆన్‌లైన్లో తెప్పించిన ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మిషన్ గురించి కూడా రెండు ముక్కలు. చిన్న నీలం లైటు వెలుగుతుంది, అది తప్ప ఇంకేం చేయదు. ఎలుక దాని పక్కనుంచే పోవడం మా తమ్ముడే చూశాడు. ఇలాంటివి తయారు చేసేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ కలిపి 60 మందికి పైగా అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే హెచ్చరిక లేఖలు రాసింది, మీరు చెప్పే గొప్పలకు శాస్త్రీయ ఆధారం చూపించాలని. అయినా ఇప్పటికీ నాలుగు నక్షత్రాల రేటింగుతో అమ్ముడవుతూనే ఉంది. జిగురు అట్టలు కూడా మాకు నచ్చలేదు, ఎలుక కంటే ముందు బల్లులు అతుక్కుంటున్నాయి, బతికుండగా కొట్టుకుంటుంటే చూడలేం.

ఇక అసలు పని. మేస్త్రి వచ్చిన రోజు రేటు చెప్పలేదు. ముందు ఇల్లు చూడనియ్యండి అన్నాడు. పగటి పూట పెంకుటింట్లోకి పోయి తలుపులు, కిటికీలు మూసి, లైట్లు తీసేసి పైకి చూశాడు. ఎక్కడెక్కడ వెలుతురు చుక్కలు కనిపించాయో అక్కడల్లా దూలం మీద సుద్దతో గీత. తర్వాత టార్చి వేసి గోడ పైఅంచు చూపించాడు. దూలం గోడలోకి దిగే చోట ఒక నల్లటి జిడ్డు చార ఉంది, వేలితో గీకితే మెత్తగా లేచింది. ఎలుక ఎప్పుడూ ఒకే దారిన, గోడకు ఒళ్ళు రాసుకుంటూ పోతుంది, దాని వెంట్రుకల నూనె, మట్టి కలిసి అలా పేరుకుంటుంది. అది అలా మెత్తగా ఉందంటే ఆ దారి పాతది, ఇంకా వాడుకలో ఉందని లెక్క. అప్పటిదాకా నేను దాన్ని వంటింటి పొగ మసి అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర ముగ్గు పిండి అడిగి తీసుకుని గోడ పైన, షెడ్డు రేకు అంచున, స్లాబు మీద పైపుల దగ్గర పలుచగా చల్లిపోయాడు. తెల్లారి చూస్తే కాళ్ళ గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. షెడ్డు వైపే ఎక్కువ. మేం మాత్రం పెంకుల్లోంచి వస్తున్నాయని అనుకుంటూ ఉన్నాం. ఈ ముగ్గు పిండి పద్ధతికి ఖర్చు లేదు, మీరు ఎవరినీ పిలవకముందే చేసుకోవచ్చు.

పైకెక్కేది ఏ ఎలుకో కూడా ఆయన దగ్గరే తెలిసింది. సన్నగా, తోక ఒంటి కంటే పొడుగ్గా, చెవులు పెద్దగా ఉండే నల్ల ఎలుక చెట్లు, తీగలు, వైర్లు ఎక్కేది. పందికొక్కు బలుపు మనిషి, ఎక్కడం కంటే తవ్వడం దాని పని, అది పునాది దగ్గర, మోరీ దగ్గర చూసుకోవలసిన లెక్క. చుంచు ఎలుక చిన్నది, దానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు, అంటే మనం రాసే పెన్సిల్ మందం. పెద్ద ఎలుకకు 12 మిల్లీమీటర్లు, అరంగుళం. "తలకాయ వట్టే సందుంటే సాలు సారు, ఒళ్ళు దానంతటదే పోతది" అన్నాడు మేస్త్రి. కాబట్టి జాలీ కన్ను పావు అంగుళానికి మించకూడదు. ఇదొక్కటి గుర్తు పెట్టుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

జాలీ కొనేటప్పుడు జాగ్రత్త. వరంగల్ చౌరస్తా వైపు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే ముందు కోళ్ళ జాలీ చూపిస్తారు, ఆరు మూలల కన్ను ఉంటుంది, చవక. అది కోళ్ళకే. కన్ను పెద్దది, తీగ సన్నది, చుంచు ఎలుక అందులోంచి నడిచి పోతుంది. దోమల జాలీ, నైలాన్ జాలీ రెండూ కొరికేస్తుంది. మీకు కావలసింది పావు అంగుళం కన్ను ఉన్న జీఐ వెల్డ్ మెష్, అంటే జింకు పూత తీగలను వెల్డింగ్‌తో అతికిన జాలీ, చేత్తో వంచితే కాస్త మొండికేయాలి. జింకు పూత ఉన్నది తీసుకోండి, లేకపోతే రెండు వానాకాలాలకు తుప్పు పట్టి పొడి రాలుతుంది. మేస్త్రి తనే తెస్తానన్నాడు గానీ నేను వెంట పోయి కొన్నాను, అది మంచిదైంది, ఎందుకంటే దుకాణం అతను ఇద్దామనుకున్న మొదటి రోల్ అరంగుళం కన్నుది.

పెంకుటింటి పని చూడముచ్చటగా చేశారు. బెంగుళూరు పెంకు కింద వంపు ఉంటుంది కదా, చివరి వరుస పెంకులు చూరు దగ్గర రీపరు (పెంకులు ఆనే సన్న కర్ర పట్టీ) మీద కూర్చున్న చోట ప్రతి పెంకు కిందా ఒక నోరు తెరుచుకుని ఉంటుంది. చివరి మూడు వరుసలు తీసి పక్కన పేర్చి, గోడ పైఅంచు నుంచి చివరి రీపరు దాకా జాలీని పట్టీగా పరిచి, గోడ వైపు మేకులు కొట్టి మాలులో పూడ్చారు, పైవైపు రీపరుకు చిన్న యూ మేకులతో బిగించారు. పెంకులు మళ్ళీ పైన కప్పేస్తే కింద నుంచి చూసినా జాలీ కనబడదు. అంతా సిమెంటుతో మూసేయొచ్చు కదా అని అడిగాను. పెంకుటిల్లు చల్లగా ఉండేదే ఆ గాలి తిరగడం వల్ల, మూసేస్తే మే నెలలో లోపల ఉండలేరు, చెమ్మ చేరి వాసాలకు పుచ్చు పడుతుంది అన్నాడు. ఇది తెలిసిన మనిషి మాట. కొప్పు పెంకుల దగ్గర పాత సున్నం మాలు పగిలి చేయి దూరేంత కంతలు పడ్డాయి, అక్కడ మాత్రం పాత మాలు గీకేసి కొత్తగా పెట్టి, ఎండకు పగలకుండా గోనె పట్టా కప్పి నీళ్ళు కొట్టమన్నాడు. నీళ్ళు కొట్టే పని మా మీద పడింది, అమ్మ ఉదయం, సాయంత్రం పైపు పట్టుకుని నిలబడేది.

పెంకులు తీసినప్పుడు మూడో వరుస కింద గింజలతో నిండిన పెద్ద పెంటికలు దొరికాయి. ఇది ఎలుకది కాదు, మానుపిల్లిది అన్నాడు. పాత ఇళ్ళల్లో అటకెక్కి పడుకుంటుంది, పండ్లు తిని గింజలు అలాగే వదులుతుంది. లోపల ఉంటే దాన్ని లోపలే పెట్టి మూసేస్తారేమో అని నాకు గుబులు. ఆ భాగం చివరికి ఉంచి, మళ్ళీ ముగ్గు పిండి చల్లి, గుర్తులు పడలేదని తేల్చుకున్నాకే మూశాడు. అలాగే ఒక మూలన పిచ్చుకల గూడు ఉంది, అందులో పిల్లలు. అమ్మ "బిడ్డా, ఆ గూడు జోలికి పోకు" అంటే ఆ మూల వదిలేసి, పిల్లలు ఎగిరిపోయాక వచ్చి మూసిపోయాడు, దానికి వేరే డబ్బులు అడగలేదు. అన్నట్టు గుడ్లగూబ గూడు గానీ, పాము గానీ కనబడితే కొట్టొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అటవీ శాఖ వాళ్ళకు గానీ పాములు పట్టే మనిషికి గానీ చెప్పాలి.

రేకుల షెడ్డు పని నాకు అంత నచ్చలేదు, పూర్తిగా ఆయన తప్పని కూడా అనలేను. సిమెంటు రేకు అలలు అలలుగా ఉంటుంది, గోడ సమంగా ఉంటుంది, ప్రతి అల కింద ఒక అర్ధచంద్రాకారం సందు మిగులుతుంది. మామూలుగా అందరూ ఇటుక ముక్కలు, మాలు కొట్టి గిలాబు చేస్తారు. మా వైపు ఎండలు 44, 45 డిగ్రీలు పోతాయి, రేకు పగలు సాగి రాత్రి ముడుచుకుంటుంది, గట్టి మాలు ఆ కదలికకు ఓర్చుకోలేక ఏడాది తిరిగేలోపు చీలుతుంది. ఎలుకకు కావలసింది ఆ చీలికే. ఈయన జాలీని అల ఆకారంలో కత్తిరించి ముందు గోడకు బిగించి, దానిమీద మాలు పెట్టాడు, మాలు పగిలినా జాలీ నిలబడుతుందని. ఆలోచన బాగుంది. కానీ చివరి నాలుగైదు అలల దగ్గరికి వచ్చేసరికి పొద్దుగూకింది, అక్కడ జాలీ సరిగ్గా కత్తిరించకుండా కుక్కేసి మాలు పూసేశారు. నేను వేలు పెట్టి చూపిస్తే మరునాడు విప్పి మళ్ళీ చేశారు. చూపించకపోతే చేసేవాళ్ళు కాదు, కాబట్టి పని జరుగుతున్నప్పుడు ఇంటి మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

ఈ రేకుల గురించి ఒక జాగ్రత్త. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, డ్రిల్లు పెట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, ఏళ్ళ తర్వాత క్యాన్సర్ దాకా తీసుకుపోతుంది. వాళ్ళు పొడి రేకుకే డ్రిల్లు పెట్టబోతే ఆపి నీళ్ళు చల్లించాను, మాస్కులు ఇచ్చాను. పిల్లగాడు మాస్కు గడ్డం కిందికి దింపుకుని నవ్వుతూ పని చేశాడు, ఏం చెప్తాం. ఇంకోటి, రేకు మీద కాలు పెట్టనివ్వకండి. పైపుల మీద అడ్డంగా పలక వేసి దానిమీద నడవాలి. పాత రేకు పగిలి కిందపడి చచ్చిపోయిన కూలీల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

స్లాబు ఇంటివాళ్ళు ఇదంతా మాకెందుకు అనుకుంటారు. స్లాబు గట్టిదే, దానికి పెట్టిన కంతలే గట్టివి కావు. ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం, డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు, ఎగ్జాస్ట్ ఫ్యాను, వాన నీళ్ళ పైపు, మెట్ల గది తలుపు కింద సందు. మా ఇంట్లో ఏసీ బిగించినవాళ్ళు పెద్ద కంత కొట్టి తెల్ల టేపు చుట్టి వెళ్ళారు, దాని వెనక ఎలుక పిల్లలు పెట్టింది. కొందరు అక్కడ పసుపు రంగు పీయూ ఫోమ్ కొడతారు, కొట్టగానే ఉబ్బి నిండుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఉత్త ఫోమ్‌ను ఎలుక ఒక్క రాత్రిలో తవ్వేస్తుంది, ఎండకు కూడా పొడిబారుతుంది. మేస్త్రి ముందు గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కుక్కించి ఆపైన మాలు పెట్టాడు, వైర్లు కదిలే చోట మాలు బదులు సిలికాన్. మామూలు ఇనుప పీచు అయితే తుప్పు పట్టి గోడ మీద ఎర్ర మరక దిగుతుంది, అది వద్దు. మెట్ల గది తలుపు కింద రేకు పట్టీ కొట్టాడు. సెప్టిక్ ట్యాంకు గాలి పైపు మీద, నీళ్ళ ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు మీద సన్న జాలీ కట్టించాం, అది ఎలుకల కంటే దోమలకు ఎక్కువ పనికొచ్చింది.

కరెంటు స్తంభం నుంచి ఇంటి మీదికి వచ్చే సర్వీసు వైరు జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకండి. దానిమీద ఎలుక నడుస్తుందని ఏదో ఒకటి తొడుగుదామని పిల్లగాడు అన్నాడు, మేస్త్రే వద్దన్నాడు. లైన్‌మన్ వచ్చి చేయాల్సిన పని అది. వైరు గోడలోకి దిగే చోట, ఇంటి లోపలి వైపు నుంచి కంత మూశారు, అది సరిపోయింది.

చెట్ల దగ్గర మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. కొమ్మకూ కప్పుకూ మధ్య కనీసం రెండు మీటర్లు ఉండాలి, లేకపోతే ఎలుకా ఉడుతా ఎగిరి దూకుతాయి. జామ కొమ్మలు, మునగ కొమ్మలు కొట్టేశాం, మునగ ఎలాగూ కొట్టినకొద్దీ చిగురుస్తుంది. గోడ మీదుగా సజ్జ ఎక్కిన మల్లె తీగ దగ్గరికి వచ్చేసరికి అమ్మ అడ్డం నిలబడింది. చివరికి తీగను గోడ మీద నుంచి దింపి వాకిట్లో వేరే పందిరికి మళ్ళించారు. సగం ఎండింది, మళ్ళీ ఇప్పుడిప్పుడే మొగ్గ వేస్తోంది. ఈ విషయంలో అమ్మ రేటింగు ఐదుకు రెండు.

మూసే వరుస గురించి చెప్పకపోతే ఈ రివ్యూకు అర్థం లేదు. అన్ని కంతలూ ఒకేసారి మూస్తే లోపల ఉన్నవి లోపలే ఉంటాయి, ఆకలికి ఇంట్లోకి దిగుతాయి లేదా లోపలే చచ్చి కంపు కొడతాయి. ఈయన జిడ్డు చార ఎక్కువ ఉన్న ఒక్క దారి వదిలి మిగిలినవన్నీ మూశాడు. ఆ దారి దగ్గర బోన్లు పెట్టించాడు, ఎరగా ఉల్లిగడ్డ పకోడి. టమాట, కొబ్బరి ముక్క కంటే పకోడికే పడ్డాయి, నూనె వాసన వల్ల కావచ్చు. బోన్లు ఖాళీగా ఉండి, ముగ్గు పిండి మీద గుర్తులు పడడం ఆగాక ఆఖరి కంత మూశాడు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళకూ ఈయనకూ నాకు కనిపించిన అసలు తేడా ఇదే, ఓపిక. ఆ తర్వాత అటక శుభ్రం చేసేటప్పుడు చీపురుతో పొడిగా ఊడ్చొద్దు. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, పెంటికల దుమ్ము కూడా మంచిది కాదు. బ్లీచింగ్ నీళ్ళు కొట్టి, కాసేపు నాననిచ్చి, గ్లౌజులు వేసుకుని తడి గుడ్డతో ఎత్తాలి.

ఇప్పుడు ఆ కోసిన మార్కు సంగతి. స్లాబు మీద వాన నీళ్ళ పైపు నోటికి పావు అంగుళం జాలీని పళ్ళెం మూతలా బల్లపరుపుగా బిగించారు. మొదటి గట్టి వాన వచ్చింది, వెనకింటి వేపాకులు కొట్టుకొచ్చి ఆ జాలీని మూసేశాయి, స్లాబు మీద చీలమండల లోతు నీళ్ళు నిలిచి మెట్ల గదిలోంచి ఇంట్లోకి దిగాయి. 2023 జూలై వానలు చూసిన వరంగల్‌లో సుతారి పని చేసే మనిషికి ఇది తెలిసి ఉండాలి. ఫోన్ చేస్తే వచ్చాడు, గునిగాడు గానీ వచ్చాడు. బల్లపరుపు జాలీ తీసేసి, బుట్ట బోర్లించినట్టు ఎత్తుగా ఉండే గుండ్రటి జాలీ వెల్డింగ్ చేయించి పెట్టాడు, ఆకులు అడుగున చేరినా నీళ్ళు పైనుంచి పోతాయి. ఎలుకలు ఎక్కేది పైపు కింది నోటి నుంచి కాబట్టి అక్కడ సన్న చువ్వలు అడ్డం పెట్టాడు. తర్వాత వచ్చిన వానలకు ఇబ్బంది రాలేదు, అయినా వాన మబ్బు కనిపిస్తే నేను పైకెక్కి ఒకసారి చేత్తో ఆకులు తీసేస్తా.

ఇంకో పరిమితి కోతులు. ఈ పని కోతులను ఆపదు, ఆపుతానని మేస్త్రి కూడా చెప్పలేదు. గుంపు పెంకుల మీద నుంచి దూకిందంటే నాలుగు పెంకులు జరుగుతాయి, రెండు పగులుతాయి. పెంకు జరిగిన చోట కింద జాలీ లేకపోతే మళ్ళీ మొదటికే. మాకు చూరు పట్టీ వరకే జాలీ ఉంది, నడిమి కప్పుకు లేదు, అంతా పరిస్తే ఖర్చు ఎక్కడికో పోతుంది. కాబట్టి కోతులు వచ్చిపోయిన రోజు లోపల లైటు తీసి వెలుతురు చుక్కలు చూసుకోవడం అలవాటైంది. విడి పెంకులు కొన్ని ముందే తెచ్చి పెట్టుకోండి, పాత సైజు పెంకులు ఇప్పుడు అడిగినప్పుడు దొరకడం లేదు, పాత ఇళ్ళు విప్పే చోట చూసుకోవాలి. చెదలు కూడా ఈ పనిలోకి రావు, వాసాలకు చెద ఉంటే ముందు దాని మందు కొట్టించి తర్వాత జాలీ సంగతి చూడండి.

ఎదురింటివాళ్ళు సోలార్ పలకలు పెట్టించారు, పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది కదా, అది. పలకల కింద పావురాలు చేరి గూళ్ళు, రెట్టలు, ఉడుతలు వైర్లు కొరకడం. వాళ్ళూ మా మేస్త్రినే పిలిచారు. పలకల ఫ్రేముకు డ్రిల్లు పెట్టబోతే నేనే ఆపాను, రంధ్రం పెడితే కంపెనీ వారంటీ పోయే అవకాశం ఉంది. ఫ్రేముకు కొక్కేల్లా తగిలించే క్లిప్పులు దొరుకుతాయి, వాటితో చుట్టూ జాలీ కట్టాలి. ఆయనకు ఆ పని కొత్త, అంత నీటుగా రాలేదు. సోలార్ ఉన్నవాళ్ళు పెట్టించిన కంపెనీనే అడగడం నయం.

ఖర్చు మాకు జాలీ, సిమెంటు, ఇసుక, సిలికాన్, కూలి అన్నీ కలిపి 20,000 లోపే అయింది. గుత్తకు ఇవ్వకండి, గుత్త అంటే పొద్దుగూకేలోపు ముగించాలని చూస్తారు, ఆఖరి అలల దగ్గర మాకు జరిగిందే జరుగుతుంది. రోజు కూలి మీద పెట్టి, సామాను మీరే కొనివ్వండి. సగం డబ్బులు మొదటి వాన పడ్డాక ఇస్తానని ముందే మాట్లాడుకోండి, మా మేస్త్రి మొదట ఒప్పుకోలేదు గానీ మూడో వంతు ఆపడానికి ఒప్పుకున్నాడు, నీళ్ళు నిలిచిన రోజు అంత తొందరగా వచ్చింది అందుకే అయి ఉంటుంది. చేయించాలనుకుంటే ఉగాది దాటాక మాట్లాడుకుని మృగశిర కార్తె లోపల ముగించండి. వానలు మొదలయ్యాక పెంకు విప్పనివ్వడానికి మీకూ ధైర్యం చాలదు, తడి గోడకు మాలు కూడా సరిగ్గా పట్టదు.